హైదరాబాద్ నుంచి డాలస్: దూరమెంత, అసలు ఎన్ని గంటలు?

హనుమకొండ శ్రీను:
జూన్‌ల అమ్మను మా అక్క దగ్గరికి డాలస్ పంపిస్తున్నం, దుబాయ్ మీదుగా. టికెట్ చూస్తే లెక్క కుదుర్తలేదు. దుబాయ్‌ల రాత్రి 2:30కి ఎక్కితే అదే రోజు పొద్దున 9:30కి డాలస్‌ల దిగుడేనట. ఏడు గంటలేనా? "తిరుపతి బస్సుల ఇంతకన్న ఎక్కువే కూసున్న" అని అమ్మ ధీమాగ ఉన్నది. షుగర్ ఉంది, మోకాళ్ల నొప్పులు. దూరమెంతో తెలిసినోళ్లు చెప్పండి.

రిటైర్డ్ సోషల్ మాస్టారు:
ఏడు కాదు బాబూ, పదహారు. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. జూన్‌లో డాలస్ గడియారం దుబాయ్ కన్నా 9 గంటలు వెనక ఉంటుంది. ఆ తొమ్మిదీ నీ ఏడుకి కలుపు. (నవంబర్‌లో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక తేడా 10 అవుతుంది.) దానికి ముందు హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ పడిగాపులు. ఇల్లు వదిలింది మొదలు ఒక రోజు పైమాటే.

ఇక దూరం. హైదరాబాద్ నుంచి డాలస్‌కి తిన్నగా కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా 2,550, ఆపైన 12,900. అంటే చుట్టు తిరుగుడు వెయ్యి కిలోమీటర్లే! ఇంట్లో గ్లోబు ఉంటే దారం ఒక కొస హైదరాబాద్ మీద, రెండోది డాలస్ మీద పెట్టి బిగించి లాగు. అది అట్లాంటిక్ మీదుగా పోదు, పైకి జారి ఉత్తర ధ్రువం పక్కన నిలబడుతుంది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం, డాలస్ 97 పడమర, కలిపితే 175. సరిగ్గా ఎదురంటే 180. దాదాపు ఎదురెదురు వైపులన్నమాట. గోడ మీది పటంలో ఇది ఛస్తే కనపడదు. తొమ్మిదో తరగతికి నేను దారంతోనే చూపించేవాణ్ణి, వెనక బెంచీ వాళ్లూ లేచొచ్చేవాళ్లు.

ఇర్వింగ్ కోడలు:
దూరం సంగతి సరే, ముందు సీటు చూడండి. కిటికీ సీటు వద్దే వద్దు. పక్కవాళ్లిద్దర్నీ లేపడానికి మొహమాటపడి మా అత్తగారు నీళ్లు తాగడమే మానేశారు. దిగేసరికి పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. నడవ పక్క సీటు తీసుకోండి, వీల్‌చెయిర్ ఇప్పుడే అడగండి. మాత్రలు, చీటీ చేతి బ్యాగులోనే ఉండాలి. ఏ దేశం టైము ప్రకారం వేసుకోవాలో డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి.

హనుమకొండ శ్రీను:
థ్యాంక్స్ అక్కా, సార్. ఇంకో డౌటు. తిరుగు టికెట్‌ల డాలస్ నుంచి దుబాయ్‌కి పద్నాలుగున్నర గంటలే ఉంది. దారి వేరేనా?

రిటైర్డ్ సోషల్ మాస్టారు:
దారీ కొంత మారుతుంది గానీ అసలు కారణం గాలి. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అని ఒక ప్రవాహం ఉంటుంది. పోయేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. చలికాలంలో మరీ జోరు. అందుకే టికెట్ మీది టైముకి అరగంట అటూ ఇటూ అయినా కంగారు పడొద్దని మీ అక్కకి చెప్పు.

హనుమకొండ శ్రీను:
చెప్పిన సార్. పదహారు గంటలని అమ్మకు కూడా చెప్పిన. కిటికీ సీటు మార్పించమన్నది.