సెప్టిక్ లారీలకీ బోరు బండ్లకీ సర్కారు లైసెన్సు పెట్టాలా, వద్దా?

పెందుర్తి మాస్టారు:
నెలరోజుల్లో మా వీధిలో నాలుగిళ్ళ పిల్లలకి విరేచనాలు. అనుమానమొచ్చి మా బోరు నీళ్ళు హెచ్2ఎస్ సీసాలో, అంటే మలం క్రిములుంటే నల్లబడే పరీక్ష సీసాలో, పోసి ఉంచితే మర్నాటికి తారు రంగుకి తిరిగాయి. కారణం నాకు తెలుసు. రాత్రి పది దాటాక ఒక సెప్టిక్ లారీ వచ్చి మా వెనకాల గెడ్డలో (వాగులో) పైపు వదిలేసి పోతోంది, నెంబరు ప్లేటుకి మట్టి పూసి మరీ. ఆటో తోలడానికి లైసెన్సు కావాలి, సూది పొడవడానికి చదువు కావాలి. ఊరి మలం మోసేవాడికీ, భూమికి చిల్లు పెట్టేవాడికీ ఏమీ అక్కర్లేదా? రాష్ట్రమే పరీక్ష పెట్టి లైసెన్సివ్వాలి, తప్పు చేస్తే లాక్కోవాలి.

గాజువాక ట్యాంకర్:
నాకు రెండు బండ్లున్నాయి మాస్టారూ. గెడ్డలో పోసినోడు వెధవే, వెనకేసుకు రాను. కానీ ఫోను చేసిన ప్రతి ఇంటోళ్ళూ అడిగే మొదటి మాట "ఎంత తగ్గిస్తావు?" అనే. "తీసింది ఎక్కడ దింపుతావు?" అని ఇప్పటిదాకా ఒక్కరడగలేదు. దూరం మోసుకెళ్ళి సరైన చోట దింపేవాడికి డీజిలు ఖర్చు, మీ గెడ్డలో పోసేవాడికి లాభం. లైసెన్సు ఇద్దరికీ ఇస్తారు. అప్పుడూ మీరు తక్కువకొచ్చేవాడినే పిలుస్తారు.

కోర్టు మెట్లు:
కొత్త చట్టం దేనికండీ? బోరుకి అనుమతి, బోరు వేసే రిగ్గు బండికి రిజిస్ట్రేషను, ప్రజల మంచినీటి వనరుకి 250 మీటర్లలోపు ఇష్టమొచ్చినట్టు తవ్వకూడదన్న నియమం, ఇవన్నీ నీరు, భూమి, చెట్ల రక్షణకని తెచ్చిన 2002 వాల్టా చట్టంలోనే ఉన్నాయి. ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దింపితే, చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధించిన 2013 చట్టం కింద మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు.

ఆరిలోవ అక్క:
మా పెద్దమ్మ కొడుకు అలాగే పోయాడు. మూత తీసి గంటాగితే చాలన్నాడు పని చెప్పినాయన. ఇతను దిగాడు, లేవలేదు. పైకి లాగడానికి దిగినోడూ పడిపోయాడు, అతను బతికాడు. పరిహారం 30 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2023లో అంది. అంతకుముందున్న 10 లక్షలే మాకు రాలేదు. సరే, మీరు నీళ్ళ గురించి కానివ్వండి.

న్యూజెర్సీ తెలుగోడు:
ఇక్కడ సొంత బావి ఉన్న ఇల్లు అమ్మాలంటే నీళ్ళు ల్యాబులో పరీక్ష చేయించాల్సిందే. 2002 నుంచి అమల్లో ఉన్న రాష్ట్ర చట్టం.

మర్రిపాలెం మేస్త్రి:
అక్కడ ఇంటిచుట్టూ ఎకరం ఉంటాది బాబూ.

పెందుర్తి మాస్టారు:
స్థలం సంగతి కాదు, పద్ధతి సంగతి. ఐఎస్ 2470 అని కేంద్రం వారి ప్రమాణం ఉంది. సెప్టిక్ ట్యాంకు నీళ్ళు దిగే ఇంకుడు గొయ్యికీ తాగేనీటి బావికీ మధ్య 18 మీటర్లుండాలని రాశారు. ఏ మేస్త్రీ అయినా టేపు పెట్టి కొలుస్తున్నాడా?

మర్రిపాలెం మేస్త్రి:
కొలుద్దాం రండి. 150 గజాల స్థలమంటే 30 అడుగులు, 45 అడుగులు. 18 మీటర్లంటే 59 అడుగులు. మూల నుంచి మూలకి లాగినా 55 దాటదు. బోరు మీ ఇంట్లో ఏసి గొయ్యి పక్కోడింట్లో తియ్యాలేటి? ఆ పక్కోడు ఆడి గొయ్యి ఎక్కడ తీస్తాడు?

కోర్టు మెట్లు:
18 మీటర్లు గొయ్యికి. ట్యాంకుకి కాదు.

మర్రిపాలెం మేస్త్రి:
ట్యాంకులోంచి వచ్చే నీళ్ళు గొయ్యికి కాక ఆకాశానికెళ్తాయా లాయరు గారూ?

(దీనిమీద ఇంకో పదకొండు పోస్టులు నడిచాయి, అడుగులకీ మీటర్లకీ మధ్యనే.)

రాళ్ళు చదివినవాడు:
మన విశాఖ కొండలు ఎక్కువగా ఖొండలైటు అనే రాయి. పైన మెత్తగా పుచ్చిపోయిన రాయి, కింద పగుళ్ళ రాయి. మట్టిలోంచి మెల్లగా దిగే నీటికి వడపోత ఉంటుంది, పగుళ్ళలో పడ్డదానికి ఉండదు. బోరులో వేసే కేసింగు గొట్టం గట్టి రాయి దాకా దింపి చుట్టూ సిమెంటుతో బిగించకపోతే 18 కాదు, 30 మీటర్లున్నా నమ్మకం లేదు.

పెందుర్తి మాస్టారు:
మా బోరుకి కేసింగు ఉంది. టీడీఎస్ 380. ఫిల్టరు కుర్రాడే మెచ్చుకున్నాడు.

రాళ్ళు చదివినవాడు:
టీడీఎస్ మీటరు లవణాలు చెప్తుంది, క్రిములు చెప్పదు. మీ సీసా నల్లబడింది కదా!

పెందుర్తి మాస్టారు:
అదే కదా అంటున్నాను, లారీల వల్ల అని! మా ఇంటి నుంచి చుక్క బయటికి పోదు. 2011లో కట్టిన ట్యాంకు, ఈరోజుకీ ఒక్కసారి కూడా నిండలేదు. ఈ లారీల మొహం చూసే అవసరమే రాలేదు మాకు.

గాజువాక ట్యాంకర్:
ఒక్క నిమిషం. ఇంట్లో ఎంతమంది?

పెందుర్తి మాస్టారు:
ఐదుగురం. ఎందుకు?

గాజువాక ట్యాంకర్:
ఐదుగురు వాడే ట్యాంకుని రెండు మూడేళ్ళకోసారి తీయించాలి. ఇన్నేళ్ళు నిండలేదంటే అది ట్యాంకు కాదు మాస్టారూ, జల్లెడ. అడుగున కాంక్రీటు వెయ్యకుండా రింగులు పేర్చి వదిలేసుంటారు. అన్నేళ్ళదీ కిందికే పోయింది. మీ బోరు దానికెంత దూరం?

పెందుర్తి మాస్టారు:
నా ఇంటి లెక్కలు నీకు అప్పజెప్పాలా? నా స్థలం, నా డబ్బు, నా బోరు. దొంగతనంగా గెడ్డలో పోసేవాళ్ళు నాకు నీతులు చెప్పడమా?

గాజువాక ట్యాంకర్:
నేను పొయ్యలేదు. ఇంకోసారి ఆ మాటంటే బాగోదు. మా బతుక్కి లైసెన్సు కావాలి, మీ ఇంట్లోకి మాత్రం అధికారి తొంగి చూడకూడదు. ఇదీ మీ న్యాయం!

కోర్టు మెట్లు:
ఇంతకీ బోరు వాల్టా కింద నమోదు చేయించారా?

పెందుర్తి మాస్టారు:
మా వీధిలో ఎవరు చేయించారు? నమోదంటే రేపు మీటరు పెడతారు, ఎల్లుండి పన్నేస్తారు. పంపునీళ్ళు సరిగ్గా ఇచ్చుంటే నేను బోరెందుకు వేస్తాను?

ఆరిలోవ అక్క:
ముందు ఆ పిల్లలు తాగే నీళ్ళు కాచి ఇవ్వండి.

(రెండు రోజులు ఎవరూ రాయలేదు.)

పెందుర్తి మాస్టారు:
టేపు పెట్టి కొలిచాను. పదహారడుగులు. ట్యాంకు మూత కారు షెడ్డు కింద ఉంది, పైన టైల్సు వేయించేశాం. మూత సరిగ్గా ఎక్కడో మా ఆవిడకీ గుర్తులేదు. అయినా సరే, గెడ్డలో పోసింది లారీయే. ఆ మాట మీద నేనుంటాను.

గాజువాక ట్యాంకర్:
లారీయే. నేనూ కాదనలేదు. ఆదివారం పొద్దున వస్తాను, కారు బయట పెట్టుకోండి, టైల్సు పగలగొట్టడానికి మనిషిని చూసుకోండి. మా కుర్రాళ్ళని లోపలికి దింపను, ఇప్పుడే చెప్తున్నా. పైపుకి అందినంతే.

పెందుర్తి మాస్టారు:
ఎంత తీసుకుంటావు?

గాజువాక ట్యాంకర్:
చూశారా.

ఆరిలోవ అక్క:
మూత తీసినప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. తొంగి చూడకండి మీరు కూడా.