అప్‌డేట్: ఎల్‌కేజీకి ముందు పెన్సిల్ పట్టని మా బాబు

నాలుగేళ్ల బాబు రెండు గీతలకే చెయ్యి నొప్పి అంటున్నాడు, జూన్‌లో ఎల్‌కేజీ, ఏం చేయాలి అని వేసవికి ముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పిల్లల డాక్టర్ మమ్మల్ని ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రాయడం, తినడం లాంటి రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే నిపుణురాలు) దగ్గరికి పంపారు. లోపమేమీ లేదని, భుజం, మణికట్టు, వేళ్లకు ఇంకా పట్టు రావాలని ఆవిడ చెప్పారు. కాపీరైటింగ్ పుస్తకాలు ఆపి బయట ఆడించమన్నారు.

ఇక్కడ ఒకరు చెప్పిన వామనగుంటలే బాగా పనిచేశాయి. పెరట్లో మట్టిలో గుంటలు తవ్వి చింతగింజలతో ఆడాం. ఒక్కో గింజ వేళ్లతో తీసి ఒక్కో గుంటలో వేయాలి కదా, లెక్కపెట్టడం కూడా దానంతటదే వచ్చింది. ఓడితే మాత్రం వాళ్ల నానమ్మతో పెద్ద గొడవ! (చంటిపిల్లలుంటే గింజలు అందకుండా చూడండి, నోట్లో, ముక్కులో పెట్టేసుకుంటారు.) తడి ఇసుకలో గూళ్లు, పార్కులో కమ్మీ పట్టుకుని వేలాడటం, మగ్గుతో మొక్కలకు నీళ్లు పోయడం కూడా చేయించాం.

మూడు పలకల లావు పెన్సిల్, రబ్బరు గ్రిప్ కొన్నాం, వాటితో తేడా ఏమీ కనబడలేదు. ఎడమచేతి వాటం వల్లేమో అని అనుమానపడ్డాం, కానీ దానికీ దీనికీ సంబంధం లేదట.

అడ్మిషన్‌కు ఏబీసీడీలు రాయాలన్న స్కూల్ వదిలేశాం. 2022 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం (చిన్నపిల్లలకు ఏం, ఎలా నేర్పాలో చెప్పే మార్గదర్శకం) కూడా మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు పాఠ్యపుస్తకాలు వద్దనే అంటోంది. ఇప్పుడు వేరే స్కూల్లో చేరాడు. అక్షరాలు ఇంకా రాయట్లేదు కానీ సున్నాలు చుడుతున్నాడు, టిఫిన్ డబ్బా మూత తనే తీసుకుంటున్నాడు. టీచర్‌కి టెన్షన్ లేదు, మాకూ తగ్గింది.