పాత ఎంటీబీ (మౌంటెన్ బైక్ సైకిలు) కొనేముందు ఏమేం చూడాలి? (తిరుపతి, 20 వేల లోపు)

కొత్తపెడల్
అందరికీ నమస్కారం. తిరుపతిలో రెండు పాత ఎంటీబీలు అమ్మకానికి ఉన్నాయి, ఏది తీసుకోవాలో తేలడం లేదు.
మొదటిది: 29 అంగుళాల చక్రాలు, ముందు 3 వెనక 8 గేర్లు, హైడ్రాలిక్ (ఆయిల్‌తో పనిచేసే) డిస్కు బ్రేకులు, సంటూర్ ఎక్స్‌సీఎం ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉండే స్ప్రింగు షాకు). 2023 బిల్లు 28,000. అడుగుతున్నది 19,000.
రెండోది: 27.5 చక్రాలు, 3x7 గేర్లు, కేబుల్ డిస్కులు. బాగా పేరున్న కంపెనీ. 11,500.
ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 82 కేజీలు. వారానికి రెండుసార్లు రాయలచెరువు వైపు, చంద్రగిరి చుట్టుపక్కల మట్టి దారుల్లో తొక్కాలని. బ్రాండు చూస్తే మనసు రెండోదాని మీదికే పోతోంది.

చంద్రగిరి చైను
బ్రాండు సంగతి ముందు పక్కన పెట్టండి. ఫైర్‌ఫాక్స్ 2015 నుంచి హీరో సైకిల్స్ చేతిలో ఉంది. మోంట్రా చెన్నై టీఐ సైకిల్స్ వాళ్ళది. జెయింట్ తైవాన్‌ది, పోలిగాన్ ఇండోనేషియాది, ట్రెక్ అమెరికాది. కానీ ఈ ధరలో ఏ బండిని తిరగేసి చూసినా ఎక్కువగా కనిపించేవి సంటూర్ ఫోర్కు, షిమానో గేర్లు, టెక్ట్రో లేదా షిమానో బ్రేకులే. ఫ్రేమ్ మీద పేరు మారుతుంది, బిగించిన సామాను ఇంచుమించు ఒకటే. కంపెనీ చెప్పుకునే జీవితకాల ఫ్రేమ్ వారంటీ కూడా చాలావాటికి మొదట కొన్నవాళ్ళకే వర్తిస్తుంది. చేతులు మారాక ఆ పేరుకు డబ్బు కట్టడం దండగ.

మీ బరువుకి ముందు చూడాల్సింది వెనక హబ్బు (చక్రం మధ్యలో ఇరుసు ఉండే దిమ్మ). 7 గేర్ల బండ్లలో చాలావాటికి ఫ్రీవీలు ఉంటుంది, అంటే పళ్ళ చక్రాల గుత్తి హబ్బు మీద మర తిప్పి ఎక్కించింది. 8 గేర్లు, ఆపైన మామూలుగా క్యాసెట్టు వస్తుంది, అంటే పళ్ళ గుత్తిని హబ్బు మీది గాళ్ళలోకి జార్చి బిగించింది. ఫ్రీవీలు హబ్బులో కుడివైపు బేరింగు లోపలికి, మధ్యవైపు ఉండిపోతుంది. దాంతో ఇరుసు కుడి కొన ఆధారం లేకుండా వేలాడుతుంది. 80 కేజీల మనిషి రాళ్ళ దారిలో ఎగిరెగిరి తొక్కితే ఆ ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది.

కనిపెట్టడం తేలిక. వెనక చక్రం ఊడదీసి పళ్ళ గుత్తిని చేత్తో వెనక్కి తిప్పండి. మధ్యలో పానా పట్టే గాడి పళ్ళతోపాటు తిరిగితే క్యాసెట్టు. పళ్ళు తిరిగి గాడి కదలకుండా ఉంటే ఫ్రీవీలు.

పీలేరు పంచర్
అన్న చెప్పింది కరెక్టు. ఇంగోటి చూడల్ల. చైను కొలవకుండా బేరానికి దిగద్దు. స్టీలు స్కేలు పెట్టి ఒక పిన్ను మధ్య నుంచి 12 అంగుళాలు కొలువు. కొత్త చైనుకి సరిగ్గా 12 దగ్గిర ఇంగో పిన్ను మధ్య వస్తాది. అంగుళంలో పదహారో వంతు జరిగుంటే చైను మార్చల్ల. ఎనిమిదో వంతు జరిగుంటే పళ్ళు గూడా అరిగిపోయుంటాయి, క్యాసెట్టు గూడా మార్చల్ల. అట్లాంటప్పుడు కొత్త చైను ఒకటే వేస్తే ఎగుడులో పళ్ళ మీద జారతాది. ఆ రెండింటి ధర షాపులో అడిగి అమ్మేవాళ్ళు చెప్పే రేటులో తీసేయ్.

స్పోకు మాస్టరు
చైను తర్వాత ఫోర్కు. మూడు పరీక్షలు, అయిదు నిమిషాల పని.

ముందు బ్రేకు పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. టక్ టక్ మంటే ఎక్కడో తేలాలి. హ్యాండిల్ కింద ఫ్రేమ్ పైకప్పు సందులో వేలు పెట్టి ఊపితే అక్కడ కదలిక తెలిస్తే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) వదులైనట్టు, బిగిస్తే సరిపోతుంది. ఫోర్కు కాళ్ళ దగ్గర రబ్బరు సీలు పైన వేలు పెట్టినప్పుడు తెలిస్తే లోపలి బుష్షులు అరిగినట్టు. ఈ తరగతి ఫోర్కులకి బుష్షులు మార్పించే ఖర్చు గిట్టుబాటు కాదు.

రెండు, మెరిసే గొట్టాల మీద గోరుతో పైనుంచి కిందికి గీయండి. గోరు తగిలితే గీత పడినట్టే. ఆ గీత సీలును కోస్తూ ఉంటుంది, మన ఎర్రమట్టి లోపలికి దూరుతుంది.

మూడు, నొక్కి వదలండి. స్ప్రింగు ఫోర్కు కాబట్టి గబుక్కున పైకి రావడం సహజం. మధ్యలో పట్టేసి ఆగితే లోపల తుప్పు పట్టిందని.

ఇక ఫ్రేమ్. పగుళ్ళు వచ్చే చోట్లు: హ్యాండిల్ దగ్గర కింది గొట్టం అతుకు, పెడళ్ళ గూడు చుట్టూ ఉన్న వెల్డింగులు, సీటు గొట్టం పై అంచు. తడిగుడ్డతో తుడిచి టార్చి వేసి చూడాలి. పెయింటు గీత అయితే వంకరటింకరగా పైపైన ఉంటుంది. పగులు వెల్డింగు అంచు వెంబడి సన్నగా పోతుంది, దాంట్లో మురికి నల్లగా దిగి ఉంటుంది. అల్యూమినియం ఫ్రేమ్ పగిలితే వెల్డింగు చేయించి తొక్కొద్దు.

చిత్తూరు 29
వెనక గేరు మార్చే డిరైలర్ వేలాడే హ్యాంగర్ కూడా చూడండి. వెనకాల కూర్చుని చూస్తే రెండు చిన్న పళ్ళ చక్రాలు పై పళ్ళతో ఒకే నిలువు గీతలో ఉండాలి. లోపలికి వాలి ఉంటే బండి కుడివైపు పడ్డట్టు. అలాగే పెద్ద పళ్ళ మీదికి గేరు వేస్తే డిరైలర్ పోయి స్పోకుల్లో ఇరుక్కుంటుంది, చక్రమూ పోతుంది. హ్యాంగర్ ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కో ఆకారం, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. దొరుకుతుందో లేదో ఫోటో పంపి కనుక్కున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

బ్రేకుల విషయంలో మాత్రం కేబుల్ డిస్కులే మేలంటాను. ఎక్కడ తెగినా వైరు మార్చుకోవచ్చు.

స్పోకు మాస్టరు
ఊరి దారుల్లో సరే. 82 కేజీలతో దిగుడులో రెండు వేళ్ళతో ఆపాలంటే హైడ్రాలిక్కే. లీవరు గట్టిగా నొక్కి 30 సెకన్లు పట్టుకోండి. మెల్లగా హ్యాండిల్ వైపు దిగిపోతే కారుతోంది లేదా లోపల గాలి ఉంది. బ్రేకు ప్యాడు మీద రాపిడి పొర మందం 0.5 ఎంఎం దాకా వచ్చిందంటే మార్చాలి. షిమానో రోటర్ (డిస్కు పళ్ళెం) కొత్తది 1.8 ఎంఎం, 1.5కి వస్తే పని అయిపోయింది.

అసలు ప్రమాదం రిపేరులో ఉంది. షిమానో, టెక్ట్రో బ్రేకులకి మినరల్ ఆయిల్ పోయాలి. మోటారు సైకిల్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అలవాటు కొద్దీ డాట్ ఆయిల్ పోస్తాడు. దాంతో లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి, మొత్తం బ్రేకు మార్చాల్సిందే.

పీలేరు పంచర్
టైర్ల గురించి ఎవురూ చెప్పలేదే. మన పల్లె సైకిలు 28 టైరు 29 బండికి పడతాదని కొందరంటారు. పడదు. పాత 28x1½ రిమ్ము 635 ఎంఎం, 29ది 622. టైరు పక్కన ఉండే అంకె చూసి కొనల్ల: 29కి 622, 27.5కి 584, 26కి 559. ట్యూబు మాత్రం అత్యవసరానికి 26ది సాగదీసి 27.5లో ఎక్కించచ్చు.

పంచరయితే చిల్లు యాడుందో చూడు. పక్కపక్కన రెండు చిల్లులుంటే గాలి తక్కువై రిమ్ము కొరికింది. లోపలి వైపు ఉంటే రిమ్ము టేపు జరిగింది. బయటి వైపు ఒక్కటే ఉంటే తుమ్మ ముల్లు. టైరు లోపల గుడ్డ తిప్పి ముల్లు తీసినాకనే కొత్త ట్యూబు వెయ్యి, లేకుంటే పది నిమిషాల్లో మళ్ళా పంచరే. 82 కేజీలకి 2.2 టైర్లో ముందు 32, వెనక 36 పీఎస్ఐతో మొదలుపెట్టు.

చంద్రగిరి చైను
ధర గురించి ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. పాత బిల్లు 28,000 అంటే పన్ను లేకుండా 25,000. అదే సరుకు ఇవాళ్టి పన్నుతో 26,250. అమ్మేవాళ్ళు 28 నుంచి లెక్క మొదలుపెడితే మీరు 26,250 నుంచి మొదలుపెట్టండి.

బిల్లు మీద ఫ్రేమ్ నంబరు ఉంటే పెడళ్ళ గూడు కింద చెక్కిన నంబరుతో సరిచూడండి. బండి తిరగేస్తే కనిపిస్తుంది. గీకేసి ఉంటే ఎంత చౌకైనా వద్దు. తేదీ, నంబరు, మొత్తం రాసి ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం తీసుకోండి. "ట్రాన్స్‌ఫర్ అయింది, డబ్బు పంపితే పార్సిల్ వేస్తాం" అనే ప్రకటనల జోలికి పోవద్దు. అమ్మేవాళ్ళకీ ఇదే మాట: డబ్బు రావడానికి క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు, పిన్ను కొట్టక్కర్లేదు.

దారుల గురించి కూడా: చంద్రగిరి చుట్టూ చెరువు కట్టలు, పొలం బాటలు చాలు. శేషాచలం రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా దూరితే కేసు పెడతారు.

కొత్తపెడల్
రెండూ చూసొచ్చాను. రెండోదానిలో మధ్య గాడి కదల్లేదు, ఫ్రీవీలే. మొదటిదాని చైను పదహారో వంతుకి కాస్త లోపు. ఫ్రేమ్ సైజు ఎం (మీడియం). ఫోర్కులో చప్పుడు లేదు, గీతలు లేవు. వెనక బ్రేకు లీవరు మెల్లగా దిగుతోంది. ఎడమ పెడలు కొంచెం ఊగుతోంది. ఇప్పుడు 18,000కి వచ్చారు.

చిత్తూరు 29
అయితే కేబుల్ డిస్కు మాట వెనక్కి తీసుకుంటున్నా. మీ బరువుకి ఫ్రీవీలు బండి వద్దే వద్దు.

స్పోకు మాస్టరు
మొదటిదే. వెనక బ్రేకుకి గాలి తీయించాలి, అదీ మినరల్ ఆయిల్‌తోనే. గొట్టం జాయింట్ల దగ్గర తడి ఉందేమో ముందు చూడండి. తడి ఉంటే గాలి తీసినంత మాత్రాన ఆగదు.

ఎడమ పెడలు ఊగేది ఎక్కడో తేలాకే డబ్బివ్వండి. రెండు క్రాంకులూ (పెడళ్ళు బిగించి ఉండే కడ్డీలు) చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. రెండూ కలిసి కదిలితే లోపలి బేరింగు పోయింది, కొత్తది పెద్ద ఖర్చు కాదు. ఎడమది ఒక్కటే కదిలితే క్రాంకు బోల్టు వదులైంది. అలా వదులుగానే తొక్కి ఉంటే ఇరుసు ఉక్కు కాబట్టి దానికేం కాదు, అల్యూమినియం క్రాంకులోని నలుచదరపు రంధ్రం అరిగి గుండ్రమవుతుంది. అప్పుడు ఎంత బిగించినా మళ్ళీ వదులవుతుంది. బోల్టు తీసి రంధ్రం మూలలు చూడండి. మూలలు పదునుగా ఉంటే తుడిచి, 8 ఎంఎం ఆలెన్‌తో 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల దాకా బిగించి, పది కిలోమీటర్లు తొక్కాక మళ్ళీ సరిచూడండి. మూలలు నలిగి ఉంటే కొత్త ఎడమ క్రాంకు ధర, బ్రేకు పని ఖర్చు కలిపి 18,000 లోంచి తీసి అడగండి.

పీలేరు పంచర్
కొన్నాక వాటర్ సర్వీసోళ్ళ దగ్గిర ప్రెజర్ పైపు పెట్టించద్దు తమ్ముడూ. హబ్బుల్లో గ్రీజంతా బయటికి పోతాది. చైనుకి ఇంజనాయిలు గూడా వద్దు, ఎర్రమట్టి పట్టి సానరాయి అయిపోతాది. పొడిగుడ్డతో తుడిచి, సైకిల్ చైను లూబు ఒక్కో లింకుకి ఒక్కో చుక్క వేసి, పైన ఉండేది తుడిచెయ్.