దేవుడు చూపించినది ఎప్పుడు చెప్పాలి? ప్రవచన వరం, కనిపెట్టడం గురించి ఒక సందేహం

ప్రశ్న (నల్లపాడు యువకుడు, గుంటూరు)

సహోదర సహోదరీలందరికీ ప్రభువు నామమున వందనాలు. నా వయస్సు 26. మా సంఘంలో శుక్రవారం జరిగే ఉపవాస ప్రార్థనలో నాలుగేళ్లుగా పాల్గొంటున్నాను. ప్రార్థనలో ఉన్నప్పుడు ఒక్కోసారి ఒక మాటో, ఒక దృశ్యమో హృదయంలోకి వస్తుంది. వాటిలో కొన్ని నెరవేరడం చూసిన సంఘ పెద్దలే నాకు ప్రవచన వరం ఉందని చెప్పి, కూటం చివర మాట్లాడే అవకాశం ఇచ్చారు.

కిందటి సంవత్సరం ఫిబ్రవరిలో, పెళ్లయి తొమ్మిదేళ్లయినా పిల్లలు లేని ఒక అక్క కోసం ప్రార్థిస్తుండగా, ఆమె ఒడిలో పసిబిడ్డ ఉన్నట్టు నాకు కనిపించింది. ఒళ్లంతా వేడెక్కింది. వెంటనే లేచి, అందరి ముందూ, వచ్చే క్రిస్మస్‌కు ఆమె కుమారుణ్ణి ఎత్తుకుంటుందని ప్రభువు సెలవిస్తున్నాడని చెప్పాను. మందిరమంతా హల్లెలూయా అని స్తుతించింది. ఆ అక్క చాప మీదనే సాగిలపడి ఏడ్చింది. క్రిస్మస్ వచ్చింది, వెళ్లింది. జనవరి నుండి ఆమె కూటానికి రావడం మానేసింది.

మా పాస్టర్ గారు నన్ను కోప్పడలేదు. కొంతకాలం మాట్లాడకుండా కనిపెట్టమని, అంటే దేవుని కోసం వేచి ఉండమని మాత్రం చెప్పారు. ఆరు నెలలుగా అలాగే ఉన్నాను. అయినా ప్రార్థనలో మాటలు రావడం ఆగలేదు. బైబిలులో యిర్మీయా ప్రవక్త, దేవుని మాట తన ఎముకలలో మూయబడిన అగ్నిలా ఉందని చెప్పినది చదివినప్పుడల్లా, చెప్పకుండా ఉండడం అవిధేయత అవుతుందేమోనని భయం వేస్తున్నది. దేవుని సమయం వచ్చిందని ఎలా తెలుసుకోవాలి? అసలు ఆ రోజు నేను చూసినది ఆయన చూపించినదేనా, లేక ఆ అక్క మీది జాలితో నా మనస్సే కల్పించుకున్నదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (పటమట నుండి ఒక ప్రార్థనాపరురాలు, విజయవాడ)

బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీవు చూసినది ఒడిలో పసిబిడ్డను. నీవు చెప్పినది కుమారుడని, క్రిస్మస్ అని. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని నీవు గమనించావో లేదో నాకు తెలియదు. నీకు కేలండర్ కనిపించిందని నీవెక్కడా రాయలేదు. మందిరంలో అందరూ మన నోటి వైపు చూస్తున్నప్పుడు, ఉన్న మాట చిన్నదిగా తోచి దానికి ఒక తేదీ తగిలిస్తాము. అది అబద్ధమాడాలని చేసే పని కాదు, ప్రేమతోనే చేస్తాము. కానీ ఆ తేదీ మనది.

నేను 28 సంవత్సరాలుగా ఒక పద్ధతి పాటిస్తున్నాను. ఒక లాంగ్ సైజు నోటు పుస్తకంలో, ఎడమ పేజీలో తేదీ వేసి, చూసినది చూసినట్టే పెన్నుతో రాస్తాను. కుడి పేజీలో దాని అర్థమేమిటని నాకు అనిపిస్తున్నదో పెన్సిల్‌తో రాస్తాను. ఎడమ పేజీలో ఒక్క అక్షరం కూడా మార్చను. కుడి పేజీని ఎన్నిసార్లు చెరిపానంటే, కొన్ని చోట్ల కాగితం పలచబడి వెనుక రాత కనిపిస్తుంది.

ఒకసారి, చేతిలో సంచితో ఒక అబ్బాయి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నట్టు చూశాను. ఆ గుమ్మం నాతో కలిసి ప్రార్థించే సహోదరిది. ఆమె కొడుకు ఇల్లు వదిలి వెళ్లిపోయి అప్పటికి రెండేళ్లు. ఆమెకు ఆ మాట చెప్పాలని నా ప్రాణం ఎంత కొట్టుకుపోయిందో నీకు తెలుసు, ఎందుకంటే నీవు కూడా అక్కడే నిలబడ్డావు. అప్పటి మా సంఘ పెద్దమ్మగారు, చెప్పవద్దు, ఆమెతో కూర్చుని ప్రార్థించు అన్నారు. నాకు కష్టంగా తోచినా విన్నాను. మూడేళ్ల తరువాత సంచితో ఆ గుమ్మం ముందుకు వచ్చినది ఆమె కొడుకు కాదు, అందరూ ఆశ వదులుకున్న ఆమె తమ్ముడు. నేను ఆ రోజే నోరు తెరిచి ఉంటే నీ కొడుకు వస్తాడనే చెప్పి ఉండేదాన్ని. ఆ కొడుకు ఇప్పటికీ రాలేదు. మేమిద్దరం ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నాము.

నీవు చూసినది దేవుడిచ్చినదా కాదా అని నేను తీర్పు చెప్పలేను. ఆయనదే అయినా, అది అందరి ముందు చెప్పడానికి ఇచ్చాడో, ఆమె కోసం మోకరించడానికి మాత్రమే ఇచ్చాడో నీవు అడగలేదు. నన్నడిగితే మనకు చూపించేవాటిలో చాలామట్టుకు ప్రార్థించడానికే చూపిస్తాడు.

జవాబు 2 (బైబిలు బోధకుడు, బ్రాడీపేట, గుంటూరు)

బ్రదర్, పై అమ్మగారు చెప్పినదానికి వాక్యాధారం చూపిస్తాను. యిర్మీయా 42వ అధ్యాయం తీసి చదవండి. యెరూషలేము కూలిపోయి, బబులోను రాజు నియమించిన అధిపతి గెదల్యా హత్య జరిగి, మిగిలిన జనం ఐగుప్తుకు (ఈజిప్టుకు) పారిపోవాలా వద్దా అని భయంతో వణుకుతూ ప్రవక్త దగ్గరకు వచ్చారు. అంతకంటే అత్యవసరమైన ప్రశ్న ఉండదు. యిర్మీయా దాదాపు నలభై ఏళ్ల పరిచర్య వెనుక ఉన్నవాడు, బబులోను గురించి దేవుని ఉద్దేశమేమిటో అప్పటికే ఎన్నోసార్లు ప్రకటించినవాడు. అయినా తన అనుభవంలో నుండి జవాబు తీసి ఇవ్వలేదు. పది దినాలైన తరువాతనే వాక్కు వచ్చింది. ఆ పది దినాలు జనం ఆయన చుట్టూ ఎలా తిరిగి ఉంటారో ఊహించండి. ఎముకలలో అగ్ని గురించి రాసినదీ, ఆ పది దినాలు నోరు మూసుకున్నదీ ఒకే మనిషి.

అదే గ్రంథం 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. బబులోను రాజు తీసుకుపోయిన దేవాలయపు ఉపకరణాలు రెండు సంవత్సరాలలో తిరిగి వస్తాయని యాజకుల ముందు, ప్రజలందరి ముందు చెప్పాడు. ఉపకరణాలు తిరిగి వచ్చిన మాట నిజమే, కానీ రెండేళ్లలో కాదు. బబులోను ఏలుబడికి డెబ్బది సంవత్సరాలని దేవుడు నిర్ణయించాడు. జనానికి ఇష్టమైన గడువు కనుక హనన్యా మాట తియ్యగా వినిపించింది. మిమ్మల్ని హనన్యాతో పోల్చడం లేదు, దయచేసి అలా అనుకోవద్దు. మీకు దగ్గరగా ఉన్నవాడు దావీదు రాజు కాలపు ప్రవక్త నాతాను. దేవాలయం కట్టాలనుకుంటున్నానని దావీదు చెప్పగానే, నాతాను మంచి మనస్సుతో, నీకు తోచినదంతా చేయుమన్నాడు. ఆ రాత్రే దేవుని వాక్కు వచ్చి ఆ మాటను సరిదిద్దింది. నాతాను తిరిగి రాజు దగ్గరకు వెళ్లి రెండవ మాట చెప్పాడు. ఆయన ప్రవక్త స్థానం పోలేదు.

అవిధేయత గురించి మీ భయానికి 1 కొరింథీయులకు 14వ అధ్యాయమే జవాబు. ఇద్దరు ముగ్గురు మాట్లాడవచ్చు, తక్కినవారు వివేచించాలి అని పౌలు రాశాడు. ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనంలో ఉన్నాయని కూడా రాశాడు. అంటే ఆపుకోలేకపోయాను అనే మాట కొత్త నిబంధన ప్రవక్త చెప్పదగినది కాదు. మీ కూటంలో ఆ రోజు హల్లెలూయా అన్నవారిలో ఎంతమంది వివేచించారు? ఈ భారం మీ ఒక్కరిదే కాదు, మైకు మీ చేతికిచ్చిన మా వంటి పెద్దలది కూడా.

యోసేపు కలలు కన్నప్పుడు 17 ఏళ్లవాడు, ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలిచినప్పుడు 30 ఏళ్లవాడు. ఆ మధ్యకాలంలో యెహోవా వాక్కు అతణ్ణి పరిశోధిస్తూ ఉండెనని 105వ కీర్తన అంటుంది. మాటను మనిషి పరీక్షించడం కాదు, మాటే మనిషిని పరీక్షించడం. ఈ వచనం దగ్గర నేను చాలా ఏళ్లుగా ఆగి ఉన్నాను.

మరొక సంగతి. మన తెలుగు బైబిలులో వేచి ఉండడానికి వాడిన మాట 'కనిపెట్టు'. బయట మనం దేనినైనా కొత్తగా తెలుసుకోవడాన్ని కూడా కనిపెట్టడమే అంటాము. దర్శనం ఆలస్యమైనా దానికొరకు కనిపెట్టుమని హబక్కూకు గ్రంథంలో చదివినప్పుడల్లా నాకు ఈ రెండు అర్థాలూ కలిసే వినిపిస్తాయి. కావలివాడు గోపురం మీద చేతులు ముడుచుకుని కూర్చోడు, దూరాన కదిలేది ఏమిటో ఆనవాలు పట్టేవరకు చూస్తూ ఉంటాడు.

జవాబు 3 (మంగళగిరి సహోదరుడు)

పెద్దల మాటలు అంగీకరిస్తూనే ఒక్క మాట. కనిపెట్టడం పేరుతో భయాన్ని దాచుకున్నవారిని కూడా నేను చూశాను. ఖడ్గం రావడం చూసి కూడా బూర ఊదని కావలివాని గురించి యెహెజ్కేలు 33వ అధ్యాయం ఏమంటుందో మరువవద్దు, నశించినవారి రక్తానికి అతడే జవాబుదారి అంటుంది. కరవు రాబోతున్నదని అగబు అనే ప్రవక్త చెప్పినప్పుడు అంతియొకయ శిష్యులు వెంటనే యూదయకు సహాయం పంపడానికి నిశ్చయించుకున్నారు. అతడు ఆలస్యం చేసి ఉంటే ఆ సహాయం ఎలా వెళ్లేది? కనుక తమ్ముడూ, ఎవరైనా అపాయంలోకి నడుస్తున్నారని తోస్తే ఆరు నెలలు దాచవద్దు. ఆ రోజే పాస్టర్ గారికి ఒంటరిగా చెప్పు.

జవాబు 4 (నర్సు, విజయవాడ)

నేను ఆసుపత్రిలో పనిచేసే విశ్వాసిని. అందరూ తమ్ముడి గురించి రాశారు, నాకు ఆ అక్క గురించి ఆందోళనగా ఉంది. తమ్ముడూ, మీరు ఆ మాట చెప్పే సమయానికి ఆమె వైద్యం చేయించుకుంటున్నారా? మీ మాట నమ్మి మానేశారా? ఆడవారికి 35 ఏళ్లు దాటిన తరువాత గర్భం నిలిచే అవకాశం త్వరత్వరగా తగ్గుతుంది. మీకు ఆ పది నెలలు ఎదురుచూపు మాత్రమే, ఆమెకు అవి తిరిగిరాని నెలలు కావచ్చు. దేవుని సమయం గురించి అడిగేముందు ఈ సంగతి తెలుసుకోండి. ఒంటరిగా వెళ్లవద్దు, పాస్టరమ్మ గారిని వెంటబెట్టుకుని వెళ్లండి.

ప్రశ్న అడిగినవారి నుండి (పన్నెండు రోజుల తరువాత)

జవాబిచ్చిన అందరికీ వందనాలు. నర్సు అక్క రాసినది చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

పాస్టర్ గారూ, పాస్టరమ్మ గారూ, నేనూ ఆదివారం సాయంత్రం ఆ అక్క ఇంటికి వెళ్లాము. బావగారు తలుపు తీసి, కొంచెంసేపు గుమ్మంలోనే నిలబడి, తరువాత లోపలికి రమ్మన్నారు. మందిరంలో నేను చెప్పినదానిలో క్రిస్మస్ అన్న మాట, కుమారుడు అన్న మాట దేవుడు ఇచ్చినవి కావని, నేను చేర్చినవని, క్షమించమని అడిగాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, అవును, మార్చి నుండి మాత్రలు మానేశామని, డాక్టరు గారు ఫోను చేసినా వెళ్లలేదని, వెళితే విశ్వాసం లేనట్టు అవుతుందని భయపడ్డామని చెప్పింది. బీరువాలో నుండి ఒక ఫైలు తీసి నా ముందు పెట్టింది. చివరి చీటీ మీద తేదీ కిందటి సంవత్సరం ఫిబ్రవరి 20.

ఆ చీటీ చేతిలో పట్టుకుని నేను ఏమీ చెప్పలేకపోయాను. ప్రార్థించమని పాస్టర్ గారు నాకు సైగ చేశారు గాని, నాకు నోరు రాలేదు. పాస్టరమ్మ గారే ప్రార్థించారు. వచ్చే బుధవారం ఆసుపత్రికి పాస్టరమ్మ గారు తోడు వెళ్తున్నారు. కూటానికి వస్తావా అని మేము అడగలేదు, ఆమె కూడా ఆ మాట ఎత్తలేదు.

జరిగినదానికి మందిరంలో అందరి ముందు కూడా క్షమాపణ చెబుతానని, అయితే అక్క ఒప్పుకున్న తరువాతనే చెబుతానని పాస్టర్ గారితో అన్నాను. పటమట అమ్మగారు చెప్పినట్టు ఒక లాంగ్ సైజు పుస్తకం కొన్నాను. ఎడమ పేజీలో మొదటి వరుస ఇలా రాసుకున్నాను: "ఒడిలో పసిబిడ్డ. అక్క నవ్వుతున్నది." కుడి పేజీలో ఇంకా ఏమీ రాయలేదు.