పెళ్లి ఫొటోల నిండా నీడ చారలు: తప్పు కొత్త కెమెరాదా, నాదా?

ప్రశ్న (నల్లగొండ, స్టూడియో):

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. ఇన్నాళ్లూ నా చేతిలో నికాన్ డి750 అనే, లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరా ఉండేది. షట్టర్ అరిగిపోయింది. రిపేరు ఖర్చు వింటే కొత్తది కొనడమే నయమనిపించి, అప్పు చేసి 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (ఆ అద్దం లేని కెమెరా) తీసుకున్నాను. దుకాణంలో అబ్బాయి ఏవో సెట్ చేసి, "అన్నా, చప్పుడే రాదు, పంతులు గారికి కూడా తెలియదు" అని చేతికిచ్చాడు.

మొన్న ఒక ఫంక్షన్ హాలులో దీనితో తొలి పెళ్లి తీశాను. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే గుండె జారిపోయింది. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ప్రతి ఫొటోలో అడ్డంగా ఐదారు నీడ చారలు. పుస్తె కట్టే ఫొటోలో ఒక చార సరిగ్గా పెళ్లికూతురి కళ్ల మీదుగా పోయింది. కెమెరా వెనుక చిన్న తెరలో ఇవేవీ కనిపించలేదు. పొద్దున ఆరుబయట పందిట్లో తీసినవి మాత్రం అద్దంలా ఉన్నాయి. ఇంకొకటి, హాలులో ఫ్లాష్ కూడా వెలగలేదు. ఫ్లాష్‌ను వెలిగించే ట్రిగర్ పోయిందనుకుని హాలు లైట్లతోనే కానిచ్చాను. షట్టర్ 1/320, ఎఫ్ 2.8, ఐఎస్ఓ 3200. సెన్సర్ చెడిపోయిందా? కెమెరా వెనక్కి ఇచ్చేయాలా?

జవాబు (దేవరకొండ):

సందేహమే లేదు, సెన్సర్ లోపం. బిల్లు తీసుకుని రేపే వెళ్లండి. అందుకే నేను ఇంకా డీఎస్ఎల్ఆర్ వదల్లేదు.

జవాబు (మహబూబ్‌నగర్, ముప్పై ఏళ్లుగా ఇదే పని):

తమ్ముడూ, దుకాణానికి పరుగెత్తే ముందు రెండు సంగతులు చెప్పు. కెమెరా నిలువుగా పట్టుకుని తీసిన ఫొటోల్లో చారలు కూడా నిలువుగా ఉన్నాయా? షట్టర్ రకం అనే చోట ఎలక్ట్రానిక్ అనో, సైలెంట్ అనో ఉందా?

ప్రశ్న అడిగినవారు:

అవునన్నా, నిలువు ఫొటోల్లో చారలు నిలువుగానే ఉన్నాయి. సైలెంట్ అనే ఉంది. ఆ అబ్బాయి పెట్టిందే, నేను ముట్టుకోలేదు.

జవాబు (మహబూబ్‌నగర్):

అయితే నీ సెన్సర్ బంగారంలా ఉంది. ఫ్లాష్ వెలగకపోవడమూ, చారలు రావడమూ ఒకే కారణం వల్ల. చాలా కెమెరాల్లో సైలెంట్ షట్టర్ పెడితే ఫ్లాష్ పనిచేయదు. ట్రిగర్‌ను పారేయలేదు కదా?

మన కరెంటు 50 హెర్ట్జ్. అంటే హాలులోని చౌకరకం ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మసకబారి మళ్లీ వెలుగుతుంటాయి. కంటికి తెలియదు. సైలెంట్ షట్టర్‌లో షట్టర్ తెర అడ్డుపడదు. సెన్సర్ తన వరుసలను పైనుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి చదువుకుంటూ వస్తుంది. మన బోరు మోటారు కింద మడి తర్వాత మడికి నీళ్లు పెట్టడం చూశావు కదా, మధ్యలో కరెంటు వచ్చి పోతుంటే కొన్ని మడులు తడుస్తాయి, కొన్ని ఎండుతాయి. ఇదీ అంతే. నీలాంటి మామూలు సెన్సర్ మొత్తం చదవడానికి సుమారు 1/20 సెకను పడుతుంది. ఆలోపు దీపం ఐదుసార్లు మసకబారుతుంది. నీ ఐదారు చారల లెక్క అక్కడే తేలింది.

మరి డి750లో ఎందుకు రాలేదంటావు. అందులో షట్టర్ తెరలు సెకనులో సుమారు 250వ వంతులోనే సెన్సర్ మీదుగా దాటిపోతాయి. అంత కొద్దిసేపట్లో చారలు పడేందుకు తావుండదు. పాత ఆల్బంలు తిరగేసి చూడు. వరుసగా తీసిన నాలుగు ఫొటోల్లో ఒకటి తేటగా, ఒకటి కొంచెం మసకగా, పచ్చగా ఉంటాయి. వాటిని ఎడిటింగ్‌లో సరిచేసి మరిచిపోయి ఉంటావు. రోగం అప్పుడూ ఉంది, కనిపించలేదు, అంతే.

ఇప్పుడు చేయవలసింది. హాలులో అడుగుపెట్టగానే మెకానికల్ షట్టర్‌కు, అంటే తెరలు నిజంగా కదిలే దానికి, మార్చు. యాంటీ ఫ్లికర్ ఆన్ చేయి. దీపం బాగా వెలిగే క్షణం చూసి కెమెరా షట్టర్ వేస్తుంది, వరుస షాట్ల వేగం మాత్రం కొంచెం తగ్గుతుంది. ఫ్లాష్ లేకుండా తీస్తే షట్టర్ 1/100 లేదా 1/50 పెట్టు. అప్పుడు ప్రతి వరుసకూ దీపం వెలుగు పూర్తి చుట్టుగా అందుతుంది, తేడా రాదు. 1/60 మాత్రం వద్దు, అది మన 50 హెర్ట్జ్‌కు కుదరదు. తలంబ్రాలకు 1/100 చాలదు, చేతులు చెదురుతాయి. అక్కడ మెకానికల్ షట్టర్, 1/200, ఫ్లాష్.

సైలెంట్ షట్టర్‌ను పూర్తిగా తిట్టకు. ఎండలో, గుడి మండపంలో పగటి వెలుతురులో చక్కగా పనికొస్తుంది. నేను పానగల్ ఛాయా సోమేశ్వరాలయం ఆవరణలో ఒక జంటకు అలాగే తీశాను. పూజ చేసుకుంటున్నవాళ్లు తల కూడా తిప్పలేదు.

జవాబు (దేవరకొండ):

నేను తొందరపడ్డాను. మడుల లెక్క బాగుంది. అయినా డీఎస్ఎల్ఆర్ వదలను.

ప్రశ్న అడిగినవారు:

స్టూడియోలోనే చూశాను. ఎల్ఈడీ ట్యూబ్‌లైట్ కింద తెల్ల గోడను సైలెంట్‌లో 1/320తో తీస్తే చారలు. అదే సైలెంట్‌లో 1/100 పెడితే మాయం. మెకానికల్‌కు మార్చగానే ఫ్లాష్ కూడా వెలిగింది. ఆ ట్రిగర్‌ను మా తమ్ముడి మీదకు విసరబోయాను, చెప్పడానికి సిగ్గుగా ఉంది.

కానీ పాడైన పెళ్లి సంగతేమిటి? చారలను ఎడిటింగ్‌లో తీయవచ్చా?

జవాబు (నకిరేకల్, ఆల్బం డిజైనింగ్):

నాలుగైదు ముఖ్యమైన ఫొటోలకైతే ఒక్కో చార మీద గ్రేడియెంట్ వేసి వెలుగు పెంచుకుంటూ కూర్చోవచ్చు, ఒక్కోదానికి అరగంట. ఆరువందల ఫొటోలకు ఆ మాట ఎత్తకండి. ముందు మీ వీడియో ఆయనను అడగండి. వీడియోవాళ్లు సాధారణంగా సెకనుకు 25 ఫ్రేములకు 1/50 షట్టర్ పెడతారు కాబట్టి వాళ్ల దాంట్లో చారలు ఉండవు. 4కెలో తీసి ఉంటే ఒక్కో ఫ్రేములో 3840 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. 12 బై 36 షీటులో సగం, అంటే 18 అంగుళాలకు పెట్టినా అంగుళానికి 213 పిక్సెళ్లు వస్తాయి. పుస్తె కట్టే క్షణం అక్కడ దొరికితే చాలు, ఆల్బం నిలబడుతుంది. పెళ్లివాళ్లకు మాత్రం ఆల్బం చేతికిచ్చేటప్పుడు కాదు, ఇప్పుడే ఫోను చేసి చెప్పండి. పెళ్లికూతురి అన్న ముందు కోప్పడతాడు, కోప్పడనివ్వండి.

ఇంకో మాట. రాత్రి బరాత్‌లో ఫ్లాష్ పెట్టుకుని 1/200, ఐఎస్ఓ 400 వేయగానే మీ వ్యూఫైండర్ చీకటిగా మారుతుంది. మళ్లీ కెమెరా పాడైందని భయపడకండి. సెట్టింగుల ప్రభావాన్ని ముందే చూపే ఆప్షన్ ఆఫ్ చేస్తే తేటగా కనిపిస్తుంది. బ్యాటరీలు కనీసం మూడు ఉంచుకోండి. డి750కి ఒక్క బ్యాటరీతో 1230 షాట్లని కంపెనీ లెక్క, మిర్రర్‌లెస్‌లో చాలావాటికి అందులో సగం కూడా రాదు. పసుపు చల్లుకుంటున్న చోట లెన్స్ మార్చవద్దు, అద్దం లేదు కాబట్టి సెన్సర్ నేరుగా నోరు తెరుచుకుని ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:

వీడియో ఆయన దగ్గర 4కె ఉంది. పుస్తె కట్టే చోట పదకొండు ఫ్రేములు పనికొచ్చేవి దొరికాయి. పెళ్లివాళ్లకు చెప్పాను. అన్న కాదు, అమ్మమ్మ కోప్పడింది. ఆల్బం చూశాక మిగతా డబ్బు ఇస్తామన్నారు.

నిన్న హాలియాలో రిసెప్షన్. మెకానికల్, యాంటీ ఫ్లికర్, 1/100 పెట్టాను. మనుషుల మీద ఒక్క చారా లేదు. కానీ స్టేజీ వెనుక పెద్ద ఎల్ఈడీ తెర మీద సన్నని గీతలు వచ్చాయి. ఇదేమిటన్నా?

జవాబు (మహబూబ్‌నగర్):

ఆ తెర మన కరెంటు లెక్కను పాటించదు, దాని వేగం దానిదే. 1/50కి దిగి చూడు. అప్పటికీ పోకపోతే, హైఫ్రీక్వెన్సీ ఫ్లికర్ సెట్టింగ్ నీ కెమెరాలో ఉంటే, షట్టర్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ వ్యూఫైండర్‌లో గీతలు కరిగే చోట ఆపు. తెర ఆపరేటర్‌ను వెలుగు తగ్గించమని మాత్రం అడగకు, తగ్గిస్తే చాలా తెరల్లో గీతలు ఇంకా పెరుగుతాయి. ముఖాలకు ఫ్లాష్ వేసుకో. జంట స్టేజీ ఎక్కకముందే ఐదు నిమిషాలు వెళ్లి తీసి చూసుకో, ఆ సమయంలో ఎవరూ అడ్డు రారు, ఆపరేటర్ తప్ప.