అప్‌డేట్: మసకబారిన స్పీడోమీటర్ అద్దం మార్చేశాను

పాత కారు డ్యాష్‌బోర్డులో స్పీడోమీటర్ అద్దం మసకబారి అంకెలు కనబడట్లేదని, పాలిష్ చేస్తే సరిపోతుందా, మార్చాలా అని అడిగాను కదా. మార్చేశాను. పాలిష్‌తో పైగీతలు పోయాయి కానీ మసక పోలేదు. అది ప్లాస్టిక్, ఎండకు లోలోపలే సన్నటి పగుళ్లు పట్టేశాయి.

బ్యాటరీ వైరు తీసి, వెనక కేబుల్ విప్పి మీటర్ బయటికి లాగాను. అసలు పనంతా చుట్టూ ఉన్న స్టీలు రింగుతోనే. దాని అంచు వెనక్కి మడిచి నొక్కి ఉంటుంది. సన్నటి స్క్రూడ్రైవర్‌తో కొంచెం లేపడం, పక్కకి జరగడం, మళ్లీ కొంచెం లేపడం. ఒకేచోట బలం పెడితే రింగు వంకరపోతుంది. లోపలి రబ్బరు రింగు ఎండిపోయి చేయి తగలగానే ముక్కలైంది, అదీ కొత్తదే వేశాను.

కొత్త అద్దం యాక్రిలిక్. పైనున్న ఫిల్మ్ చివరిదాకా తీయలేదు. పొడిబట్టతో తుడిస్తే స్టాటిక్ ఛార్జి పుట్టి ముల్లు కదలకుండా పట్టేసింది, టెన్షన్ పెట్టింది కూడా. తడిబట్టతో తుడవగానే వదిలింది. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్, అసిటోన్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. డయల్ మీది దుమ్ము బ్లోయర్‌తో ఊదాను, అంతే. పాత పెయింట్‌ని రుద్దితే అంకెలు ఊడొస్తాయి.

ఇప్పుడు పక్కనున్న ఫ్యూయల్ గేజ్ మరీ మురికిగా కనబడుతోంది. వచ్చే ఆదివారం దాని సంగతి చూస్తాను.