మిరప నారు మొదట్లోనే మెత్తబడి వాలిపోతోంది

విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్. ఎండాకాలం కాపుకని జనవరి 10న ప్రోట్రేలో (నారు పెంచే గుంటల ట్రే) మిరప, వంగ గింజలు వేసి వంటగది కిటికీ పక్కన పెట్టాను. కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్టు సగం సగం. తొమ్మిదో రోజుకు మిరప మొలిచింది. రెండాకులు విచ్చుకోగానే కాడ మట్టిని ఆనుకున్న చోట నీరుపట్టి, సన్నబడి పడిపోతోంది. 50 మొక్కల్లో 14 మిగిలాయి. పక్క వరసలో వంగ మాత్రం నిక్షేపంగా ఉంది!

నారుకుళ్లు అనుకుని నీళ్లు రోజు విడిచి రోజుకు తగ్గించాను. లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్లలో పోశాను. రెండో విడత గింజలకు ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు శిలీంద్రం) పట్టించి అదే మిశ్రమంలో వేశాను, అవీ పోయాయి. కిటికీలో ఎండ ఉదయం రెండు గంటలే.

గింజలు ఇంకొక్క విడతకే ఉన్నాయి. ఈసారి మిశ్రమం మొత్తం మార్చాలా, ట్రేని డాబా మీద ఎండలోకి చేరిస్తే సరిపోతుందా?